బాగుపడాలి సరే... ఎవరి కోసం?

ఎస్.కోట దాటి ఘాటు రోడ్డు ఎక్కితే అనంతగిరి మండలంలో మొదట తగిలే ఊళ్ళలో టైడా ఒకటి. అరకు చూడబోయే పట్నం జనం అక్కడ కార్లు ఆపుకుంటారు. ఫొటోలు దిగుతారు. బొంగులో చికెన్ తింటారు. టూరిజం వాళ్ళ కాటేజీల్లో ఒక రాత్రి పడుకుంటారు. వాళ్ళకి కొండ కనపడుతుంది, మబ్బు కనపడుతుంది. మనుషులు కనపడరు. కనపడినా ఒక ముద్ర వేసేసి పోతారు: "పాపం, అమాయకులు. తాగుతారు, పని చెయ్యరు. అందుకే ఇలా ఉండిపోయారు."

దారినపోయేవాళ్ళు అన్న మాటని దారిలోనే వదిలెయ్యొచ్చు. కానీ ఆ మాట ఇప్పుడు బళ్ళోకొచ్చి కూర్చుంది. ఈ మధ్య మన్యంలోని ఒక బడిలో "వ్యక్తిత్వ వికాసం" అని క్లాసు పెట్టారు. పట్నం నుంచి ఒకాయన ఇస్త్రీ బట్టలతో దిగాడు. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి రెండు గంటలు మాట్లాడాడు. మీ పేదరికానికి మీరే కారణం, మీ ఆలోచన మారితే మీ బతుకు మారుతుంది, సాకులు చెప్పేవాడు ఎప్పటికీ పైకి రాడు - ఇదీ సారాంశం. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన కారెక్కి పోయాడు.

ఆ పిల్లల్లో ఒకడు సెలవులకి ఇంటికొచ్చి తండ్రితో అన్నాడంట: "నాన్నా, నువ్వు బద్ధకస్తుడివి. అందుకే మనం పేదోళ్ళం."

ఆ రాత్రి మేము టైడాలో పదిమందిమి కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు ఆ తండ్రే ఈ సంగతి చెప్పాడు. చెప్పి తల దించుకున్నాడు. కొడుకు మీద కోపం లేదు ఆయనకి. కొడుకు చెప్పింది నిజమేనేమో అన్న అనుమానం ఉంది. అదీ మమ్మల్ని కుదిపేసింది. పక్కన కూర్చున్న ముసలావిడ మాత్రం ఊరుకోలేదు. "ఏటి బాబూ ఈ మాట? కోడి కుయ్యకముందు లెగిసినోల్లం. సీకటి పడ్డాక కూసున్నోల్లం. బద్దకం అంటే ఏటో సూపించు, ఎలాగుంటదో సూస్తాం" అంది.

ఆ పిల్లోడికి మనం ఏం చెప్పాలి? ఇదే మా ప్రశ్న. రెండు తప్పు జవాబులున్నాయి. ఒకటి ఆ పట్నం ఆయన చెప్పింది. రెండోది మనవాళ్ళు చాలామంది చెప్పేది: "అంతా వ్యవస్థ తప్పు, వ్యవస్థ మారేదాకా మన చేతిలో ఏమీ లేదు" అని. మొదటి జవాబు మనల్ని దోషుల్ని చేస్తుంది. రెండోది మనల్ని చేతకానివాళ్ళని చేస్తుంది. ఈ రెండింటినీ కాదనడానికే ఇది రాస్తున్నాం.

బద్ధకం ఎవరిది?

ముందు మొదటి జవాబు సంగతి తేల్చుదాం.

మన్యం ఆడది తెల్లారకముందే నీళ్ళకి పోతుంది. కట్టెలు తెస్తుంది. అడ్డాకులు కోస్తుంది, చింతపండు గింజ తీస్తుంది. నెత్తిన మూట పెట్టుకుని కొండ దిగి సంతకి నడుస్తుంది. మగవాడు పోడు కొడతాడు, కాఫీ తోటలో కూలికి పోతాడు. రోడ్డు లేని ఊళ్ళో రోగం వస్తే మనిషిని డోలీ కట్టి మైళ్ళకి మైళ్ళు మోస్తారు. ఈ పనికి బద్ధకం అని పేరు పెట్టినవాడు ఒక్కరోజు ఆ మూట ఎత్తి చూడాలి.

మరి ఇంత కష్టం చేసినా మిగలనిది ఎందుకు? టైడా ముందునుంచే పోయే రైలుని అడగండి. కొత్తవలస - కిరండూల్ లైను 1960లలో వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్ పంపడానికి వేసిన లైను అది. కొండల్ని తొలిచి సొరంగాలు చేశారు. కొండ మనది, తొలిచిన కూలీల్లో మనవాళ్ళున్నారు. ఖనిజం మన గుమ్మం ముందునుంచే దిగిపోయింది. డబ్బు ఎక్కడికి పోయిందో మీకు తెలుసు.

భూమి సంగతి చూడండి. ఏజెన్సీలో సావుకార్ల వడ్డీనీ, భూమి చేతులు మారడాన్నీ అదుపు చేస్తామని తెల్లదొరలే 1917లో చట్టం చేశారు. స్వతంత్రం వచ్చాక 1959లో మళ్ళీ రెగ్యులేషన్ చేశారు. అది చాలక 1970లో దాన్ని గట్టి చేశారు. అదే మనం 1/70 అని పిలుచుకునేది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరేగా రుజువు చూపించేదాకా, గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే ఆ చట్టం అనుకుంటుంది. ఒక్క శతాబ్దంలో మూడుసార్లు చట్టం చెయ్యాల్సి వచ్చిందంటే అర్థం ఏమిటి? ఈ జనాన్ని దోచుకుంటున్నారని సర్కారే మూడుసార్లు సంతకం పెట్టి ఒప్పుకుంది. బద్ధకం వల్ల పోయిన భూమికి ఎవరూ చట్టం చెయ్యరు.

తాగుడు సంగతీ అంతే. 1879లో గోదావరి కొండల్లో రంప తిరుగుబాటు ఎందుకు రేగింది? ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద సర్కారు ఆంక్షలు పెట్టింది. మన్సబుదారు చిగురు పన్ను వేశాడు. చెట్టు మనది, చెయ్యి మనది, పన్ను వాడికి. ఆనాటి నుంచి ఈనాటి దాకా మన నోట్లో పడే ప్రతి చుక్క మీదా ఖజానాకి ఆదాయం ఉంది. అమ్మి డబ్బు చేసుకునేవాడే మళ్ళీ వచ్చి "మీరు తాగుబోతులు" అని బుద్ధులు చెప్తే వినాలా?

బాబాసాహెబ్ ఈ బుద్ధులు చెప్పేవాళ్ళని 1932లోనే పట్టుకున్నారు. పూనా ఒప్పందం అయ్యాక గాంధీ గారి మనుషులు అంటరానితనం పోగొడతామని ఒక సంఘం పెట్టారు. తర్వాత అదే హరిజన సేవక్ సంఘ్ అయింది. దాని కార్యదర్శి ఠక్కర్, ఆదివాసీల మధ్య కూడా పనిచేసిన మనిషి. ఆ ఏడు నవంబరులో రౌండ్ టేబుల్ సమావేశానికి ఓడలో పోతూ అంబేడ్కర్ ఆయనకి ఉత్తరం రాశారు. అందులో మాట ఇది: మనిషి బీదరికం వాడి నడవడి వల్లే అనుకునేవాళ్ళు వాడికి తాగుడు మానమని చెప్తారు, కసరత్తు నేర్పుతారు, గ్రంథాలయం పెడతారు. చుట్టూ ఉన్న సంఘమే వాడిని తొక్కుతోంది అనుకునేవాళ్ళు ఆ సంఘం మీదకి పోతారు. మీరు రెండో పని చెయ్యండి, ఊరి బావి దగ్గర, బడి దగ్గర, పని దగ్గర మా హక్కు నిలబెట్టండి అని ఆయన అడిగారు. నలుగురు పిల్లల్ని మంచివాళ్ళని చేస్తే జాతి మొత్తం లేస్తుందన్న భ్రమ వద్దన్నారు.

బడిలో క్లాసు చెప్పిన ఆ ఇస్త్రీ బట్టల ఆయనకి ఇదే మా జవాబు. ఇది తొంభై ఏళ్ళ కిందటే మా తాత రాసిపెట్టి పోయిన జవాబు.

అదే అంబేడ్కర్ ఇంకో మాట అన్నారు

ఇక్కడితో ఆపేస్తే మేము మీకు సగం అంబేడ్కర్ ని చూపించి సగం దాచినవాళ్ళం అవుతాం. మన సభల్లో జరుగుతున్నది అదే.

ఆ ఉత్తరానికి ఐదేళ్ళ ముందు, 1927 డిసెంబరులో, మహద్ లో మనుస్మృతిని తగలబెట్టిన రోజుల్లోనే ఆయన దళిత స్త్రీలతో మాట్లాడారు. అక్కడ ఏం చెప్పారు? శుభ్రంగా ఉండండి, బానిసతనం గుర్తుచేసే కట్టూ బొట్టూ వదిలెయ్యండి, ఆడపిల్లల్ని చదివించండి, తాగొచ్చిన మొగుడికీ కొడుక్కీ అన్నం పెట్టకండి అన్నారు. ఇది నడవడి మాటే కదా! గుణం మాటే కదా!

మరి 1932లో ఠక్కర్ కి అలా ఎందుకు రాశారు? మాట మార్చారా? లేదు. ఒకే మాట రెండు నోళ్ళలోంచి వస్తే రెండు అర్థాలు. పైనుంచి వచ్చినవాడు "ముందు నువ్వు బాగుపడు, తర్వాత హక్కు చూద్దాం" అంటే అది హక్కు ఎగ్గొట్టే ఎత్తు. మనలోని మనిషి "హక్కు కోసం రేపు పొద్దున్నే పోవాలి, ఈ రాత్రి తాగకు" అంటే అది పోరాటానికి నడుం కట్టడం. మొదటిదాంట్లో మనం ఎవరికో లెక్క చెప్పాలి. రెండోదాంట్లో మనకి మనమే లెక్క చెప్పుకుంటాం.

మన తెలుగు నేల మీదే భాగ్యరెడ్డి వర్మ ఉన్నారు. హైదరాబాదు మాల ఇంట్లో 1888లో పుట్టిన మనిషి. 1906లోనే జగన్మిత్ర మండలి పెట్టి పేటపేటకీ తిరిగారు. తాగుడు మీద, జోగిని దురాచారం మీద పోరాడారు, బడులు పెట్టారు. అవి చేసి అగ్రకులాల మెప్పు అడిగారా? 1917లో బెజవాడలో జరిగిన సభకి అధ్యక్షుడై, మమ్మల్ని పంచములు అనొద్దు, మేము ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులం అని చాటారు. తాగుడు మానిన నోటితోనే ఆ మాట అన్నారు. ఆయన దగ్గర సంస్కరణ, తిరుగుబాటు రెండు వేర్వేరు పనులుగా లేవు.

ఇంకా దగ్గరికి రండి. నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరదీపం కింద రాత్రి బడికి పోయిన కూలి ఆడవాళ్ళు, ఆడవాళ్ళంతా ఒక్కటై సారా కొట్టు మూయించిన కథని తమ వాచకంలో చదివారు. చదివి ఊరుకోలేదు. మన ఊళ్ళో ఎందుకు మూయించలేం అనుకున్నారు. మూయించారు. 1992లో ఆ మంట జిల్లా అంతా పాకింది, తర్వాత రాష్ట్రమంతా పాకింది. రోసమ్మ పేరు అందరికీ తెలిసింది. వేలంపాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి.

ఆ తల్లులకి ఎవరూ వ్యక్తిత్వ వికాసం చెప్పలేదు. పగలంతా కూలి చేసి, రాత్రి దీపం ముందు కళ్ళు మూతలు పడుతున్నా అక్షరం దిద్దారు. మొగుడి దెబ్బకి భయపడకుండా కొట్టు ముందు కూర్చున్నారు. పట్టుదల అంటే అది. బాధ్యత అంటే అది. ఆ గుణం ఇంటి గడప దాటి బజారుకొచ్చింది గనకే సర్కారు దిగొచ్చింది. 1997లో అదే సర్కారు నిషేధం ఎత్తేసింది. గెలిచినదాన్ని కాపాడుకోవడానికి ఇంకో పట్టుదల కావాలని ఆ ఏడు మనకి నేర్పింది.

ముందు మా సంగతి

ఇతరులకి చెప్పేముందు మా ఇంటి చెత్త మేము ఊడ్చుకోవాలి.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పోడు చేసుకునేవాళ్ళకి పట్టాలు రావాలంటే అర్జీలు పెట్టాలి. మేము ఊళ్ళు తిరిగాం. పాటలు పాడాం. జెండా ఎగరేశాం. ఒక ఊళ్ళో ఇరవైకి పైగా కుటుంబాల అర్జీలు నింపి, వేలిముద్రలు వేయించి, కట్ట కట్టి మా కార్యకర్త ఒకతని చేతికిచ్చారు. గ్రామసభలో పెట్టించి రసీదు తెస్తానన్నాడు. ఆ కట్ట అతని ఇంట్లో చూరు కింద మూడు నెలలు ఉండిపోయింది. వానకి తడిసింది. సగం కాగితాల మీద ముద్రలు అలికిపోయాయి. ఎందుకు పెట్టలేదయ్యా అంటే ఒకరోజు పెళ్ళి, ఒకరోజు జ్వరం, ఒకరోజు సభ, ఇంకోరోజు తాగి పడుకున్నాడు.

అతన్నొక్కణ్ణీ తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. మేమేం చేశాం? మూడు నెలలు ఎవరమూ అడగలేదు. రసీదు ఏదని ఒక్కరం అడిగుంటే మొదటి వారంలోనే తెలిసిపోయేది. ఫారెస్టు వాళ్ళు చెయ్యాల్సిన పని మేమే చేసిపెట్టాం. ఆ ఊరివాళ్ళ అర్జీలు వాళ్ళు తొక్కిపెట్టక్కర్లేకుండానే మేమే తొక్కిపెట్టాం. ఇందులో మనువాదం ఎక్కడుంది? కుట్ర ఎక్కడుంది? మా నిర్లక్ష్యం ఉంది, అంతే. మళ్ళీ ఆ ఊరికి పోయి తప్పు ఒప్పుకుని, కొత్తగా అర్జీలు రాయడానికి మాకు ఇంకో మూడు నెలలు పట్టింది. ఆ ఊళ్ళో ఒక పెద్దాయన అన్న మాట ఇంకా మా చెవుల్లో ఉంది: "సావుకారు మోసం సేత్తే తిట్టుకుంటాం బాబూ. మీరు సేత్తే ఎవలికి సెప్పుకోవాల?"

సభకి పదింటికి రమ్మని పన్నెండింటికి పోవడం, చందా వసూలు చేసి లెక్క చెప్పకపోవడం, మైకు ముందు స్త్రీ విముక్తి అని అరిచి ఇంట్లో భార్య మీద చెయ్యెత్తడం, కరపత్రం తప్ప పుస్తకం ముట్టకపోవడం - ఇవి మనలో ఉన్నాయి. వీటి గురించి మాట్లాడితే శత్రువుకి ఆయుధం ఇచ్చినట్టవుతుందని పెద్దలు కొందరు అంటున్నారు. మేము ఒప్పుకోం. ఆయుధం ఇప్పటికే వాళ్ళ చేతిలో ఉంది. మన బలహీనతని మనం దాచిన ప్రతిసారీ దానికి పదును పెడుతున్నాం.

అనంతగిరి కొండ చెప్పిన పాఠం

పట్టుదల ఏం సాధిస్తుందో తెలుసుకోడానికి దూరం పోనక్కర్లేదు. మన అనంతగిరి మండలమే చాలు.

బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో, నిమ్మలపాడు లాంటి చోట్ల, ఆదివాసీ భూముల్లో గనుల తవ్వకానికి సర్కారు ప్రైవేటు కంపెనీలకి లీజులిచ్చింది. కొండమీది మనుషులు, వాళ్ళతో నిలబడిన సమత సంస్థ ఎదురుతిరిగారు. కోర్టుకెక్కారు. 1995లో హైకోర్టు కేసు కొట్టేసింది. చాలామందిమి అయితే అక్కడితో ఇంటికి పోయుండేవాళ్ళం. "చూశావా, కోర్టులు కూడా వాళ్ళవే" అనుకుని ఒక సభ పెట్టి ఊరుకునేవాళ్ళం. వీళ్ళు సుప్రీంకోర్టుకి పోయారు. కాగితాలు పోగేశారు. ఊళ్ళు కట్టు తప్పకుండా నిలబడ్డాయి.

1997 జూలై 11న తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఇటు, ఒకరు అటు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడికి ఇవ్వకూడదన్నప్పుడు సర్కారు మాత్రం ఎలా ఇస్తుంది, సర్కారుకీ ఆ చట్టం వర్తిస్తుంది, కాబట్టి ఆ లీజులు చెల్లవు అన్నారు. తవ్వితే ప్రభుత్వ సంస్థ గానీ గిరిజనుల సహకార సంఘం గానీ తవ్వాలన్నారు. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం బాగు కోసం పెట్టాలన్నారు. ఆ తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి ఎవరు? భీమవరంలో పుట్టిన దళితుడు. పదవి నుంచి దిగిపోయే రోజుల్లో ఇచ్చిన తీర్పు అది. కొండమీద ఆదివాసీ పట్టు వదలకుండా ఉండటం, కింద ఒక దళితుడు చదువు వదలకుండా సుప్రీంకోర్టు దాకా పోవడం - ఈ రెండూ ఒకచోట కలిశాయి. దేశమంతా ఇవాళ సమత తీర్పు అని చెప్పుకునేది ఇక్కడ పుట్టింది.

గెలిచాం కదా అని పడుకుంటే ఏమవుతుందో కూడా చూశాం. ఏజెన్సీ బళ్ళలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000 జనవరిలో జీవో నెంబరు 3 వచ్చింది. ఎంతోమంది పిల్లలు ఆ జీవో మీద ఆశ పెట్టుకుని చదివారు. ఇరవై ఏళ్ళు గడిచాయి. 2020 ఏప్రిల్ లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు వచ్చాక మనం బంద్ చేశాం. కేసు నడుస్తున్న అన్నేళ్ళలో మనలో ఎంతమందిమి దాన్ని గమనించాం? గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకోవాలి.

పిల్లలతో ఒక మాట

మన పిల్లలకి ఈ మధ్య మాలావత్ పూర్ణ కథ చెప్తున్నారు. నిజామాబాదు జిల్లా లంబాడీ పిల్ల. 2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. పక్కనే ఖమ్మం జిల్లా దళిత కుర్రాడు ఆనంద్ కుమార్ ఉన్నాడు. "చూశారా, మనసుంటే మార్గముంటుంది" అని క్లాసులు చెప్పేవాళ్ళు ఇక్కడ ఆపేస్తారు. మిగతా సగం మేము చెప్తాం. ఆ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. మూడు పూటలా తిండి, పుస్తకం, నెలల తరబడి శిక్షణ, వెనక నిలబడిన మనుషులు ఉన్నారు. ఆ గురుకులాలు ఎవరో దయతో పెట్టినవి కావు. తరతరాల దళిత పోరాటం రాబట్టినవి.

అయితే మెట్టు మెట్టుకీ కాలు వేసింది మాత్రం వాళ్ళే. గురుకులం ఎన్నో వేలమందిని చదివిస్తుంది, కాలు ఎవరి బదులూ వెయ్యదు. ఇదీ లెక్క. హక్కు లేకపోతే పట్టుదల గోడకి గుద్దుకుంటుంది. పట్టుదల లేకపోతే హక్కు కాగితం మీద ఉండిపోతుంది.

చేతిలో సెల్ ఫోను ఉన్న ప్రతి పిల్లోడికీ పిల్లకీ చెప్తున్నాం. రాత్రి ఒక గంట దాన్ని పక్కన పెట్టండి. ఒక పుస్తకం, ఒకే పుస్తకం, పట్టుకోండి. అంబేడ్కర్ కొలంబియాలో, లండన్లో పస్తులుండి చదివిన కథ మీద చప్పట్లు కొట్టడం ఆయన్ని గౌరవించడం కాదు. ఆ ఒక్క గంట ఇవ్వండి, చాలు. మనసు నిలపడం పుట్టుకతో వచ్చే వరం కాదు. పోడు కొట్టే చెయ్యికి కాయ కాసినట్టే అదీ రోజూ చేస్తే వస్తుంది.

రేపటి నుంచి ఏం చేద్దాం?

గాలిలో మాటలు వద్దు. మేము మాకు పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి. మీకు సబబు అనిపిస్తే మీ ఊళ్ళో పెట్టుకోండి.

ఒకటి. చదవని కాగితం మీద వేలిముద్ర వెయ్యం, వెయ్యనివ్వం. చదువొచ్చిన పిల్లోడు గట్టిగా చదవాలి, ఇంట్లోవాళ్ళు వినాలి, తర్వాతే ముద్ర.

రెండు. ఇచ్చిన ప్రతి అర్జీకీ రసీదు తీసుకుంటాం. పోడు అర్జీ తిరగ్గొడితే ఆ సంగతి కాగితం మీద అడుగుతాం. దానిమీద పై కమిటీకి పోడానికి 60 రోజుల గడువుంటుంది. ఆ తేదీ గోడమీద బొగ్గుతో రాసిపెడతాం.

మూడు. పట్టా మొగుడూ పెళ్ళాల ఇద్దరి పేరా ఉండాలని చట్టంలోనే ఉంది. ఆడమనిషి పేరు రాయించని ఇంటికి మా సంఘం సాయం రాదు.

నాలుగు. సభకీ గ్రామసభకీ తాగి రాం. మన పండగలో మన జీలుగు కల్లు మన ఇష్టం, దాని గురించి ఎవరి బుద్ధులూ వినం. కానీ హక్కు మాట్లాడే పూట తలకాయ మనదై ఉండాలి. సారా తెచ్చి అమ్మేవాణ్ణి మాత్రం ఊళ్ళోకి రానివ్వం.

ఐదు. సంఘం డబ్బు ఒక్క రూపాయైనా నెలనెలా అందరి ముందూ లెక్క చదువుతాం. ఒప్పుకున్న పని చెయ్యలేకపోతే మూడోరోజుకల్లా చెప్తాం. చూరు కింద కట్టలు ఇక ఉండవు.

ఇవి దొర మెచ్చుకోడానికి చేసేవి కావు. ఇవి చేసినా వాడు మనల్ని బద్ధకస్తులనే అంటాడు. అననీ. ఇవి చేస్తే మన కాగితం తడవదు, మన గడువు దాటదు, మన డబ్బు మాయం కాదు. మనల్ని ఓడించడానికి వాడు ఇప్పటికన్నా ఎక్కువ కష్టపడాల్సి వస్తుంది.

చివరిగా ఆ టైడా పిల్లోడి సంగతి. మర్నాడు పొద్దున్నే వాణ్ణి పిలిచి కూర్చోబెట్టాం. ఉపన్యాసం ఇవ్వలేదు. అటవీ హక్కుల చట్టం కింద, అర్జీ పెట్టినవాళ్ళు కాకుండా వేరే పెద్దవాళ్ళు నోటితో చెప్పిన సాక్ష్యాన్ని రాసి పెడితే అదీ రుజువుగా చెల్లుతుంది అని చెప్పాం. చేతికి పెన్నిచ్చాం. రాత్రి మాట్లాడిన ముసలావిడ ఎదురుగా కూర్చుంది. పక్క ఇళ్ళవాళ్ళు ఏ వాలులో, ఎప్పట్నుంచి, ఏం పండిస్తున్నారో, ఏ చెట్టు ఎవరు నాటారో, ఫారెస్టు వాళ్ళు ఎన్నిసార్లు పంట పీకారో, పీకిన చోటే మళ్ళీ ఎలా నాటారో చెప్పుకుంటూ పోయింది. వాడు రాస్తూనే ఉన్నాడు. ఒక పేజీ అయింది, రెండయ్యాయి. మధ్యలో తలెత్తి, "అవ్వా, ఇంత పని చేశారా?" అని అడిగాడు.

"మీ అయ్య కూడా చేశాడు. రాయి" అంది ఆవిడ.

వాడు ఇంకో కాగితం తీశాడు.

జై భీమ్!